పరిశ్రమ సబ్సిడీ దరఖాస్తులో ఉద్యోగ నాణ్యత, పాత కార్మికుల భవిష్యత్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, సిరిసిల్ల, పెద్దపల్లి, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో కొత్త యూనిట్ పెట్టేవారు, ఉన్న యూనిట్‌లో యంత్రాలు మార్చేవారు పెట్టుబడి సబ్సిడీకో, ప్రోత్సాహకానికో దరఖాస్తు చేసుకునేటప్పుడు వచ్చే సందేహాలివి. యంత్రాల కొటేషన్లు, కరెంటు లోడు, బ్యాంకు లెక్కల గురించి చెప్పేవారు మనకు చాలామంది ఉన్నారు. ఇక్కడి ప్రశ్నలన్నీ మనుషుల గురించే. రాబోయే ఉద్యోగం ఎలాంటిది? ఇప్పటికే అదే పని చేస్తున్నవారు రేపు ఏమవుతారు?

ఫారంలో "ఎంతమందికి ఉపాధి" అన్న గడి ఒక్కటే ఉంది. అంతకు మించి ఎందుకు రాయాలి?

చాలా పథకాల ఫారంలు అంకె దగ్గరే ఆగిపోతాయన్నది నిజమే. కానీ ఫారంతో పాటు ప్రాజెక్టు రిపోర్టు కూడా వెళ్తుంది. అందులో ఎంత రాసినా వద్దనేవారు లేరు.

రాయడం వల్ల మీకే మేలు. ఆ అంకె నిలబడుతుందా లేదా అన్నది డబ్బుతో ముడిపడి ఉంది. ఉదాహరణకు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య సృష్టించిన ఉద్యోగాలకు వర్తిస్తుంది. అదనంగా తీసుకున్న ఒక్కొక్క ఉద్యోగికి యజమానికి నెలకు రూ. 3,000 వరకు రెండేళ్ల పాటు వస్తుంది. తయారీ రంగానికైతే మూడో, నాలుగో సంవత్సరాలకూ పొడిగింపు ఉంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 మందీ అంతకు మించీ ఉంటే కనీసం ఐదుగురిని అదనంగా తీసుకోవాలి. వారు కనీసం ఆరు నెలలు పనిలో కొనసాగాలి. "అదనంగా" అన్నదే ఇక్కడ కీలకం. పాతవారిని పదిమందిని పంపించి కొత్తవారిని పదిమందిని చేర్చుకుంటే పీఎఫ్ లెక్కలో అదనం సున్నా. కూలి చాలకో, పన్నెండు గంటల పని తాళలేకో మూడో నెలలోనే మనుషులు వెళ్లిపోతున్నా ఫలితం అదే.

ఇక ఈ ప్రాంతానికి ఒక జ్ఞాపకం ఉంది. 1934లో మొదలైన ఆజం జాహీ మిల్లు వరంగల్‌కు కూడు పెట్టింది, తర్వాత మూతపడింది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చింది. ఆ మధ్య కాలంలో ఆ పట్టణం ఎలా బతికిందో అక్కడివారిని అడిగితే చెబుతారు. పరిశ్రమ వస్తుందంటే ఇక్కడి కుటుంబాలు ఆశపడతాయి, వెంటనే "ఎన్నాళ్లు ఉంటుంది?" అనీ అడుగుతాయి. ఆ ప్రశ్నకు దరఖాస్తులోనే జవాబు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఉద్యోగ నాణ్యత అనే అధ్యాయంలో ఏమేమి రాయాలి?

ముందు కూలి. "ఆకర్షణీయమైన వేతనం" అన్న మాట కొట్టేయండి. హెల్పర్‌కు ఎంత, ఆపరేటర్‌కు ఎంత, ఫిట్టర్‌కు ఎంత, మూల వేతనం ఎంత, చేతికి వచ్చేది ఎంత అన్నది పట్టికగా ఇవ్వండి. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. మూల వేతనం తగ్గించి చూపి పీఎఫ్ మిగుల్చుకునే పాత లెక్క ఇప్పుడు చెల్లదు. మీటరు కూలి, పీసు కూలి అయితే ఎనిమిది గంటల్లో మామూలు చేయి తిరిగిన కార్మికుడికి ఎంత గిట్టుతుందో రాయండి. అందరికంటే వేగంగా కుట్టే అమ్మాయి సంపాదనను సగటుగా చూపితే అది మోసమే.

తర్వాత గంటలు. మన మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు ఎంతో కాలంగా మామూలైపోయింది. మామూలైపోయినంత మాత్రాన అది చట్టం కాదు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. మూడు ఎనిమిది గంటల షిఫ్టులతో నడుపుతామంటే దానికి ఎంతమంది కావాలో లెక్క వేసి చూపండి. ఉపాధి అంకె కూడా అక్కడే నిజాయితీగా పెరుగుతుంది.

పీఎఫ్ సాధారణంగా 20 మంది నుంచి, కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ 10 మంది నుంచి వర్తిస్తాయి. ఈఎస్ఐకి నెల వేతన పరిమితి రూ. 21,000. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. వీటిని ఖర్చుల పట్టికలో మొదటి నెల నుంచే చూపాలి. ఈఎస్ఐ డిస్పెన్సరీ మీ యూనిట్‌కు ఎంత దూరమో కూడా రాయండి. సంగెం నుంచి జ్వరంతో ఉన్న మనిషి వరంగల్ దాకా వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆ రోజు సెలవు ఇస్తారా, కోస్తారా అన్నది అతనికి ముఖ్యం.

శరీరం సంగతి వదలకండి. సాంచాలు (మరమగ్గాలు) ఆడుతున్న షెడ్డులో పక్కమనిషితో మాట్లాడాలంటే అరవాల్సిందే. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉంటే వినికిడి పోతుంది. జిన్నింగ్ మిల్లులో దూది ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇక మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి ఎలా ఉంటుందో కరీంనగర్, రామగుండం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. చెవులకు రక్షణ, ధూళిని పీల్చే ఏర్పాటు, పైకప్పుకు వేడి తగ్గించే పొర, తాగునీరు, మధ్యాహ్నం విరామం, 40 ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష: ఇవన్నీ ఖర్చుతో సహా కనబడాలి.

మహిళలు ఎక్కువగా ఉండే యూనిట్ అయితే మరుగుదొడ్ల సంఖ్య, 50 మంది ఉన్నచోట పిల్లల సంరక్షణ గది, రాత్రి షిఫ్టుకు వారి సమ్మతి, ఇంటి దాకా వాహనం రాయాలి. పదిమందీ అంతకు మించీ ఉంటే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ తప్పనిసరి. "ఏర్పాటు చేస్తాము" అనకుండా ఎప్పటిలోగా అన్నది రాయండి.

చివరగా ఎదుగుదల. హెల్పర్‌గా చేరిన మనిషి ఎన్నాళ్లకు ఆపరేటర్ అవుతాడు, ఏమి నేర్చుకుంటే యంత్రాల బాగోగులు చూసే జాబర్ అవుతాడు, అప్పుడు కూలి ఎంత పెరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉన్న దరఖాస్తులు చాలా అరుదు.

మా షెడ్డులో పేరోలు మీద ఉన్నది ఆరుగురే. మిగతావారు ఆసామి మనుషులు, కూలీలు. వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలా?

తీసుకోవాలి. ఈ ప్రణాళికలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

సిరిసిల్లలో ఒక్క గుడ్డ బయటికి రావాలంటే సాంచాలు నడిపేవాడితో పని పూర్తి కాదు. షటిల్‌లో పెట్టే కండెలకు నూలు చుట్టేవారు, పడుగు సిద్ధం చేసే వార్పిన్ నడిపేవారు, పడుగు పోగులు అతికే వైపని చేసేవారు, బీములు మోసే హమాలీలు, యజమాని దగ్గర నూలు తెచ్చి తన సాంచాల మీద జాబ్ వర్క్ చేసే ఆసామి, ఇంతమంది ఉన్నారు. పాత సాంచాల స్థానంలో షటిల్ లేని రేపియర్ మగ్గాలు వస్తే ముందుగా పని పోయేది కండెలు చుట్టేవారికి. ఎందుకంటే రేపియర్‌కు కండె అవసరమే లేదు. ఆ పనిలో ఎక్కువమంది మహిళలు, వయసు మళ్లినవారు. వారి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు కాబట్టి, వారి పని పోయిన సంగతి కూడా ఎక్కడా నమోదు కాదు. రైస్ మిల్లుల్లో హమాలీల పరిస్థితీ ఇంతే.

అందుకే దరఖాస్తుకు ముందు ఒక జాబితా తయారు చేయండి. మీ యూనిట్ మీద ఆధారపడిన ప్రతి మనిషి పేరు, వయసు, చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఇప్పుడు నెలకు ఎంత వస్తోంది, చదవడం రాయడం వచ్చా, పీఎఫ్ నంబరు ఉందా అన్నవి అందులో ఉండాలి. పేర్లు దరఖాస్తులో పెట్టనవసరం లేదు, మొత్తం అంకెలు పెడితే చాలు. లేబర్ కోడ్‌లు వచ్చాక ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాల్సిందే కనుక, ఈ జాబితా మీకు ఎలాగూ అవసరమవుతుంది.

కొత్త యంత్రాలతో కొంతమంది అవసరం ఉండదు. పరిహారం ఇచ్చి పంపితే సరిపోదా?

చట్టానికి సరిపోవచ్చు. అయితే ఒకసారి లెక్క వేసి చూడండి.

నెలకు రూ. 15,000 వేతనంతో 12 ఏళ్లు పని చేసిన మనిషి ఉన్నాడనుకుందాం. తొలగిస్తే ఒక నెల నోటీసు లేదా ఆ నెల వేతనం రూ. 15,000. పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున, నెలకు 30 రోజుల లెక్కన, పరిహారం రూ. 90,000. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం పునర్ నైపుణ్య నిధికి మరో 15 రోజుల వేతనం రూ. 7,500. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి. మొత్తం రూ. 1,12,500. గ్రాట్యుటీ దీనికి అదనం. 26 రోజుల లెక్కన అది సుమారు రూ. 1,03,800. కానీ అది ఎప్పటికైనా ఇవ్వాల్సిందే కాబట్టి పక్కన పెడదాం.

అదే మనిషిని మూడు నెలలు పూర్తి వేతనంతో కొత్త యంత్రం మీద కూర్చోబెడితే వేతనానికి అయ్యేది రూ. 45,000. శిక్షణ ఖర్చు ఎంత కలిపినా పంపించే ఖర్చును దాటడం కష్టం. పైగా పోగు ఎక్కడ తెగుతుందో చప్పుడు విని చెప్పగల మనిషి మీ దగ్గరే మిగులుతాడు. కొత్తగా చేరిన కుర్రవాడికి ఆ చెవి రావడానికి ఏళ్లు పడుతుంది.

అందరినీ ఉంచుకోవడం సాధ్యం కాకపోవచ్చు, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా క్రమం ఉంది. ఒక రకం పనిలో చివర చేరినవారు ముందు వెళ్లాలన్నది చట్టం పెట్టిన సాధారణ నియమం. ఏడాది లోపు మళ్లీ మనుషులను తీసుకుంటే వెళ్లినవారికి ముందు అవకాశం ఇవ్వాలి. 300 మందీ అంతకు మించీ ఉన్న ఫ్యాక్టరీ అయితే తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావాలి. ఇవన్నీ కనీస మెట్లు. మంచి ప్రణాళిక వీటి పైన మొదలవుతుంది. ఎవరిని ఏ కొత్త పనికి మళ్లిస్తారు, ఎవరు స్వచ్ఛందంగా విరమిస్తారు, పొరుగు యూనిట్లలో ఎన్ని ఖాళీలు ఉన్నాయి, మధ్యలో ఎన్ని నెలలు ఆదాయం ఆగకుండా చూస్తారు అన్నవి అందులో ఉండాలి.

యంత్రాల ఆర్డరు ముందా, కార్మికులతో మాట ముందా?

మాటే ముందు. యంత్రాల మార్పు వల్ల తొలగింపులు జరిగే అవకాశం ఉంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. కానీ యంత్రం లారీ దిగాక ఇచ్చే 21 రోజుల నోటీసుతో ఎవరికి మేలు?

20 మందీ అంతకు మించీ ఉన్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యజమాని వైపు, కార్మికుల వైపు సమాన సంఖ్యలో సభ్యులుంటారు. దరఖాస్తు చిత్తుప్రతిని ఆ కమిటీ ముందు పెట్టండి. యూనియన్ ఉంటే వారితో, లేకపోతే షిఫ్టుల వారీగా కార్మికులతోనే కూర్చోండి. తెలుగులో చదివి వినిపించండి. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవారు ఉంటే వారికి అర్థమయ్యే భాషలోనూ చెప్పాలి. వారు చెప్పిన అభ్యంతరాలు, మీరు ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి సమావేశపు మినిట్స్‌లో రాసి దరఖాస్తుకు జత చేయండి. అభ్యంతరాలు ఏమీ లేని మినిట్స్ కంటే, అభ్యంతరాలకు జవాబు ఉన్న మినిట్స్ మీద నాకు ఎక్కువ నమ్మకం.

శిక్షణ ఎక్కడ ఇప్పించాలి?

మొదట యంత్రం అమ్మేవారి దగ్గర. కొనుగోలు ఆర్డరులోనే "ఇంతమందికి, ఇన్ని రోజులు, మా షెడ్డులోనే, తెలుగులో" అని రాయించుకోండి. తర్వాత అడిగితే విడిగా బిల్లు వేస్తారు. వస్త్ర రంగానికి కేంద్రం సమర్థ్ శిక్షణ పథకం ఉంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. యువకులకు అప్రెంటిస్ దారి ఉంది. 30 మందీ అంతకు మించీ ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అయితే అప్రెంటిస్‌ను చవక కూలీగా వాడుకుని, ఏడాది కాగానే పంపించి మరొకరిని తెచ్చే ఆలోచన ఉంటే దాన్ని శిక్షణ అనకండి.

నలభై ఐదేళ్ల మనిషిని తరగతి గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే నేర్చుకోలేడు. యంత్రం పక్కన నిలబెట్టి, నేర్చిన తోటి కార్మికుడితో చెప్పిస్తే నేర్చుకుంటాడు. నేర్పేవారికి ఆ నెలల్లో అదనపు కూలి పెట్టండి. శిక్షణ రోజుల్లో మీటరు కూలి ఆగిపోతుంది కనుక, అంతకు ముందు మూడు నెలల సగటు ఆదాయాన్ని ఇవ్వండి. ఇది లేకపోతే ఎవరూ శిక్షణకు రారు. ఆ తప్పు వారిది కాదు.

బీడీలు చుట్టే మహిళలను గార్మెంట్ యూనిట్‌లోకి తీసుకోవాలనుకుంటున్నాము. ఏమేమి ఆలోచించాలి?

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఈ ఆలోచన చాలామందికి ఉంది, మంచి ఆలోచనే. కానీ బీడీ పని ఇంట్లో జరుగుతుంది. వంట, పిల్లలు, ముసలివాళ్ల మధ్య చాటలో ఆకు పెట్టుకుని చుట్టుకునే పని అది. గార్మెంట్ ఉద్యోగమంటే పొద్దున బస్సు, సాయంత్రం దాకా కుర్చీ. కూలి కాస్త ఎక్కువైనంత మాత్రాన ఆ తేడా పూడదు. ఊరి నుంచి వాహనం, పిల్లల గది, మొదటి మూడు నెలలు టార్గెట్ ఒత్తిడి లేకపోవడం, ఇవి ఉంటేనే నిలుస్తారు.

చాలామంది బీడీ కార్మికులకు పీఎఫ్ ఖాతా ఉంది. కొత్త యూనిట్‌లో కొత్త నంబరు తీయకుండా పాత యూఏఎన్‌కే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కలపాలి. లేకపోతే పింఛనుకు కావాల్సిన సర్వీసు ముక్కలవుతుంది. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేర్లు, పుట్టిన తేదీలు కలవకపోవడం వీరిలో సర్వసాధారణం. దాన్ని సరిచేయించే బాధ్యత మీ హెచ్ఆర్ మనిషికి అప్పగించి, దరఖాస్తులో ఆ మాట రాయండి. ప్రస్తుతం పింఛను అందుకుంటున్నవారు ఉంటే కొత్త ఉద్యోగం దాన్ని దెబ్బతీస్తుందేమో చేరక ముందే మండల కార్యాలయంలో అడిగి, వారికి విడమరచి చెప్పాలి.

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో యూనిట్ పెడుతున్నాము. ప్రత్యేకంగా ఏమి రాయాలి?

గీసుగొండ, సంగెం మండలాల్లోని ఈ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కేంద్రం చేపట్టిన భారీ వస్త్ర పార్కుల పథకం పీఎం మిత్ర కింద దేశంలోని ఏడు పార్కుల్లో ఒకటిగా 2023లో వరంగల్ ఎంపికైంది. ఆ పథకం మొత్తం వ్యయం రూ. 4,445 కోట్లు. ఇక్కడ రెండు వర్గాలను మరవకూడదు.

ఒకటి, భూములిచ్చిన కుటుంబాలు. వారికి స్వీపరు, సెక్యూరిటీ పనులు మాత్రమే మిగిలితే అది మాట నిలబెట్టుకున్నట్టు కాదు. ఆ ఇళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివినవారు ఎంతమంది ఉన్నారో గ్రామ పంచాయతీతో కలిసి లెక్క తీసి, ఆపరేటర్, మెయింటెనెన్స్ కొలువుల్లో వారికి ఎన్ని అన్నది రాయండి.

రెండు, సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లిన మన నేత కుటుంబాలు. వారిని వెనక్కి రప్పించే ఆశ ఈ పార్కు వెనుక మొదటి నుంచీ ఉంది. వారు వచ్చేది కూలి కోసం ఒక్కటే కాదు. అక్కడ పిల్లలు గుజరాతీ, మరాఠీ మాధ్యమాల్లో చదువుతుంటారు, రేషన్ కార్డు అక్కడ ఉంటుంది, అద్దె అడ్వాన్సు అక్కడ చిక్కుకుని ఉంటుంది. రవాణా ఖర్చు, మొదటి నెల అడ్వాన్సు, బడి ప్రవేశానికి సాయం ఉంటే వస్తారు. అక్కడ సంపాదించే దానికంటే తక్కువ ఇస్తూ "సొంత ఊరు" అంటే రారు, రమ్మనడం న్యాయమూ కాదు.

అందరినీ కాంట్రాక్టర్ ద్వారా తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు కదా?

ఉంటుంది. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలి. సంస్థ ప్రధాన ఉత్పత్తి పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టడం మీద కొత్త కోడ్ ఆంక్షలు పెట్టింది, కొన్ని మినహాయింపులతో. నిజంగానే కొంతకాలానికి మాత్రమే మనుషులు కావాలంటే నేరుగా నిర్ణీతకాల ఒప్పందం చేసుకోండి. అలా చేరినవారికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ హక్కు వస్తుంది.

మాది ఎనిమిది మంది పని చేసే చిన్న యూనిట్. ఇదంతా మాకూ అవసరమా?

రెండు పేజీలు చాలు. చిన్న యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద రూ. 50 లక్షల వరకు తయారీ యూనిట్‌కు దరఖాస్తు చేసేవారు కూడా కూలి పట్టిక, పని గంటలు, ప్రమాదం జరిగితే ఎవరు ఏమి చేస్తారు, ఎవరి పని మారుతుంది అన్నవి రాయగలరు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? విదేశాల్లో ఇలా అడుగుతారా?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో "గౌరవప్రదమైన పని" అన్న లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. 2015లో పరిశ్రమలు మారేటప్పుడు కార్మికులకు న్యాయం జరిగేలా మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికా ఇంధన శాఖ కొన్నేళ్లు తన గ్రాంటు దరఖాస్తులతో పాటు సమాజ ప్రయోజనాల ప్రణాళికను అడిగింది. సాధారణంగా మూల్యాంకనంలో 20 శాతం దానికే ఇచ్చేవారు. మూతపడ్డ, మూతపడే ప్రమాదంలో ఉన్న 11 వాహన కర్మాగారాలను విద్యుత్ వాహనాల వైపు మళ్లించడానికి 2024 జూలైలో 170 కోట్ల డాలర్లు ప్రకటించినప్పుడు, పాత కార్మికులను నిలుపుకోవడం ఒక ప్రధాన అంశమైంది. 2025లో ప్రభుత్వం మారాక ఆ షరతును తొలగించారు. అక్కడ తొలగించారు కాబట్టి మనకు అక్కరలేదని కొందరు అంటున్నారు. కండెలు చుట్టే మనిషికి రేపు పని ఉంటుందా అన్న ప్రశ్న వాషింగ్టన్‌లో పుట్టలేదు కదా.

ఖర్చును ఎక్కడ చూపాలి?

ప్రాజెక్టు వ్యయంలోనే, విడి పద్దుగా. శిక్షణ, శిక్షణ కాలపు వేతనం, రక్షణ పరికరాలు, పిల్లల గది, రవాణా: ఒక్కొక్కదానికి మొత్తం, నెల, బాధ్యుడి హోదా ఉండాలి. సబ్సిడీ ఆలస్యంగా వస్తుందన్నది అందరికీ తెలిసిందే. కాబట్టి ఈ పద్దును సబ్సిడీ డబ్బుకు ముడిపెట్టకండి, వర్కింగ్ క్యాపిటల్‌లో పెట్టండి. లేకపోతే మొదట కోత పడేది దీనికే.

కన్సల్టెంట్ వేరే దరఖాస్తులోని పేరాలు పెడతానంటున్నారు. పరవాలేదా?

వద్దు. తిరుప్పూర్ యూనిట్ కోసం రాసిన పేరాలో మీ కార్మికులు ఉండరు.

నేను కార్మికుడిని. మా యజమాని ఏమి రాసిచ్చారో చూడవచ్చా?

ముందు యజమానినే అడగండి, ఫిర్యాదుల కమిటీ ఉంటే దాని ద్వారా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద జిల్లా పరిశ్రమల కేంద్రంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వ్యాపార రహస్యాల పేరుతో కొన్ని పేజీలు ఆపవచ్చు. అందుకే "మొత్తం ఫైలు" అని అడగకుండా ఎంతమందికి ఉపాధి చూపారు, ఏ వేతనం చూపారు, శిక్షణకు ఎంత చూపారు, ఎంత సబ్సిడీ మంజూరైంది అన్న నాలుగు ప్రశ్నలు విడివిడిగా రాయండి. తెలుగులోనే రాయండి, అంగీకరించాల్సిందే. రసీదు తీసుకోవడం మరవకండి.